శాండ్‌విచ్ షాపులో లంచ్: ముందు ఎప్పుడు తింటారో తేల్చుకోండి, ఏది తినాలో తర్వాత

పేరున్న శాండ్‌విచ్ షాపుకి లంచ్ టైమ్‌లో వెళ్తే నిదానంగా ఎంచుకునే వీలుండదు. మెనూ బోర్డు చదవగలిగేంత దగ్గరికి వచ్చేసరికి మన వెనక జనం పెరిగిపోయి ఉంటారు. కౌంటర్ అవతలి మనిషి గ్లవ్స్ సర్దుకుంటూ "మీకు?" అంటాడు. ఆ కంగారులో ముందు మనిషి ఏది చెప్పాడో చాలామంది అదే చెప్పేస్తారు. గుంపులో గోవిందా! తీరా చూస్తే ఆ ముందు మనిషి అక్కడే కిటికీ పక్కన నిలబడి తినేసే రకం, మనమేమో దాన్ని బ్యాగులో పెట్టుకుని ముప్పావు గంట తర్వాత విప్పే రకం. అతనికి కరకరలాడిన బ్రెడ్డే మన దగ్గరికి వచ్చేసరికి తడిసి సాగుతుంది. ఇందులో షాపు తప్పేం లేదు.

అందుకే "ఏది బాగుంటుంది" అని అడిగే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలని నా ఉద్దేశం. శాండ్‌విచ్ చేతికందాక మొదటి ముక్క కొరికేలోపు ఎంతసేపవుతుంది? అయిదు నిమిషాలా, అరగంటా, రెండు గంటలా? ఏ బ్రెడ్ తీసుకోవాలి, వేడిదా చల్లదా, సాస్ లోపల రాయించుకోవాలా విడిగా తీసుకోవాలా అన్నవన్నీ చాలావరకు దీన్ని బట్టే తేలిపోతాయి. మిగతాది మీ నోటి ఇష్టం.

అక్కడికక్కడే తినేటట్టయితే

మొహమాటం లేకుండా వేడివాటి వైపు వెళ్లండి. చీజ్ కరిగించినవి, ప్రెస్‌లో నొక్కి కాల్చినవి, పెనం మీద పల్చటి మాంసం వేయించి అలాగే బ్రెడ్‌లోకి ఎత్తినవి... ఇవన్నీ షాపులో తినాల్సినవే. బరువైన ప్రెస్ రెండు వైపులా ఒకేసారి కాలుస్తుంది కాబట్టి, ఇంట్లో మామూలు పెనం మీద ఆ పని అంత బాగా కుదరదు. బ్రెడ్ పైపొరలో తడి ఆవిరైపోయాకే అది గోధుమరంగు తిరిగి కమ్మటి వాసన వేస్తుంది. ఆ లోపు చీజ్ మెత్తబడి సరిగ్గా జారే స్థితికి వస్తుంది. ఈ రెండూ కలిసి ఉండేది కాసేపే. చల్లారిన కొద్దీ చీజ్ బిగుసుకుంటుంది, బ్రెడ్ మెత్తబడుతుంది.

అదే వేడి శాండ్‌విచ్‌ని కాగితంలో గట్టిగా చుట్టించుకుని తీసుకెళ్తే ఏమవుతుందో విప్పి చూడండి. కాగితం లోపలి వైపు సన్నగా నీటి చుక్కలు పట్టి ఉంటాయి. స్టఫింగ్ నుంచి లేచిన ఆవిరికి బయటికి పోయే దారి లేదు. కాగితానికి తగిలి నీరై మళ్లీ బ్రెడ్ మీదే దిగుతుంది. కాల్చిన గీతలు పైన కనిపిస్తూనే ఉంటాయి గానీ, వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోతుంది. టోస్ట్ అయ్యేదాకా ఆగిన సమయమంతా వృథా. తప్పనిసరిగా వేడిదే పార్శిల్ కావాలంటే, ఒక కొస తెరిచి ఉంచి చుట్టమనండి, లేదా గాలి ఆడే అట్టపెట్టె ఉందేమో అడగండి. తడవడం పూర్తిగా ఆగదు కానీ బాగా తగ్గుతుంది.

మాంసం ఉడికిన జూస్‌లో బ్రెడ్‌ని ముంచి ఇచ్చే రకాలు ఇంకా సున్నితం. ఫ్రెంచ్ డిప్ పేరులో ఫ్రెంచ్ ఉన్నా అది లాస్ ఏంజెలెస్ వంటకం. అక్కడ 1908లో మొదలైన రెండు పాత హోటళ్లు, ఫిలిప్స్, కోల్స్, దీన్ని కనిపెట్టింది మేమంటే మేమని ఏళ్ల తరబడి పోటీ పడ్డాయి. షికాగోలో ఇటాలియన్ బీఫ్ అయితే, అడిగితే మొత్తం శాండ్‌విచ్‌ని జూస్‌లో ముంచి తీసి ఇస్తారు. దాన్ని తినడానికి అక్కడివాళ్లకి ఒక భంగిమే ఉంది. మోచేతులు బల్ల మీద ఆనించి, కాళ్లు వెనక్కి జరిపి, ముందుకు వంగి తింటారు. కారేదంతా చొక్కా మీద కాకుండా కింద పరిచిన కాగితం మీద పడుతుంది. కుర్చీలో హాయిగా వెనక్కి వాలి తినే వస్తువు కాదది. ఇలాంటివి పార్శిల్ తీసుకోవాల్సి వస్తే జూస్ వేరే డబ్బాలో పోయించుకుని, తినేముందు ముంచుకోండి.

షాపులో తినడంలో ఇబ్బందల్లా చోటు. కూర్చునే వీలుందో లేదో ఆర్డర్ చెప్పకముందే ఒకసారి కలియజూడండి. బల్లలన్నీ నిండిపోయి ఉంటే, నిలబడి ఒంటిచేత్తో తినగలిగేది తీసుకోవాలి. ఒకరు క్యూలో నిలబడి, మిగతా నలుగురు ఖాళీ బల్ల ఆక్రమించుకుని ఫోన్లు చూసుకోవడం మాత్రం నాకు నచ్చదు. అప్పుడే ప్లేటు అందుకుని చోటు కోసం వెతుక్కునేవాళ్ల ముఖం ఒకసారి చూడండి.

అరగంటో గంటో ఆగి తినేటట్టయితే

ఎక్కువమంది పరిస్థితి ఇదే, ఎక్కువమంది నష్టపోయేదీ ఇక్కడే. ఇక్కడ అసలు సమస్య నీరు. టమాటా బరువులో దాదాపు 95 శాతం నీరే. కీరా, ఐస్‌బర్గ్ లెట్యూస్ కూడా ఇంచుమించు అంతే. కోసిన టమాటా మీద ఉప్పు పడిందంటే ఆ నీరు ఇంకా తొందరగా బయటికొస్తుంది. దాని పక్కనే బ్రెడ్ ఉంటే ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు.

దీనికి విరుగుడు కొవ్వు. వెన్న, మయొనీజ్, క్రీమ్ చీజ్, ఏదైనా సరే, బ్రెడ్ మీద పల్చగా పరుచుకుంటే నీటిని లోపలికి రానివ్వదు. కౌంటర్ దగ్గర నిలబడినప్పుడు చేసే మనిషి చెయ్యి గమనించండి. మధ్యలో ఒక ముద్ద వేసి కత్తితో రెండుసార్లు అటూ ఇటూ అని వదిలేస్తున్నాడా, నాలుగు అంచుల దాకా, మూలల్లోకి కూడా రాస్తున్నాడా? మూలల దాకా రాసే షాపు మిగతా పనుల్లోనూ శ్రద్ధగానే ఉంటుందని నా నమ్మకం. రాశాక చీజ్ ముక్కో మాంసమో ముందు పరిచి, టమాటాని వాటి మధ్యలో పెడితే అది బ్రెడ్‌ని తాకదు. తాకేటట్టు పెడుతుంటే "టమాటా మధ్యలో పెట్టండి" అని అడగడంలో తప్పులేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇంకా సులువైన దారి, టమాటా, పికిల్ (వెనిగర్‌లో ఊరిన కీరా ముక్కలు) విడిగా కట్టించుకోవడం. ఆవాల సాస్, వెనిగర్ డ్రెస్సింగ్ లాంటివి కూడా విడిగానే తీసుకోండి. వాటిలో నీరు ఎక్కువ, అవి అడ్డు గోడ పని చేయవు.

ఇక బ్రెడ్. ఒక్కో బ్రెడ్‌కి ఒక్కో ఓపిక.

బాగెట్ అంటే పొడుగాటి ఫ్రెంచ్ రొట్టె, అందులో కొవ్వు ఉండదు. ఫ్రాన్స్‌లో 1993లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం సంప్రదాయ పద్ధతి అని చెప్పి అమ్మే రొట్టెలో నిల్వ కోసం కలిపే రసాయనాలేవీ ఉండకూడదు, పిండి ముద్దని ఫ్రీజ్ చేయకూడదు. 2022లో బాగెట్ తయారీ నైపుణ్యం, దాని చుట్టూ ఉన్న సంస్కృతి యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. ఆ గౌరవం సంగతి ఎలా ఉన్నా, పొద్దున కాల్చినది సాయంత్రానికి గట్టిపడటం మొదలుపెడుతుంది. అరగంట, గంట ప్రయాణానికి మాత్రం ఇది మంచి తోడు. పైపొర గట్టిగా ఉండటంతో బ్యాగులో నలగదు. ఇబ్బంది కొరికేటప్పుడు వస్తుంది. పైపొర తెగడానికి పళ్లు గట్టిగా నొక్కాలి, ఆ ఒత్తిడికి లోపలి గుడ్డు ముక్కలో కోడిమాంసమో వెనక వైపు నుంచి జారిపోతాయి. కాబట్టి బాగెట్‌లోకి పల్చటి హామ్, వెన్న, చీజ్ లాంటి అతుక్కుని ఉండేవే నయం. ముద్దగా కలిపిన ట్యూనా, ఎగ్ సలాడ్ లాంటివి మెత్తటి బ్రెడ్‌లోకి తీసుకోండి.

వియత్నాం బాన్ మీలో వాడే బాగెట్ కథ వేరు. దాని పైపొర పల్చన, లోపల గాలి ఎక్కువ, అందుకే కొరకడం తేలిక. కానీ ఊరబెట్టిన క్యారెట్, ముల్లంగి ముక్కల తడి దాన్ని త్వరగానే పట్టుకుంటుంది. దాన్ని తొందరగా తినేవాటి కింద లెక్కేసుకోండి.

చియాబట్టా పాత కాలం నాటిదని చాలామంది అనుకుంటారు గానీ, అది 1982లో ఇటలీలోని అడ్రియాలో అర్నాల్డో కవల్లారి తయారుచేసిన రొట్టె. శాండ్‌విచ్‌ల కోసం జనం ఫ్రెంచ్ బాగెట్‌ల వైపు మళ్లిపోతుంటే, దానికి పోటీగా తెచ్చారు. పిండిలో నీరు బాగా ఎక్కువ కలపడంతో లోపల పెద్ద పెద్ద గదులు ఏర్పడతాయి. ఆలివ్ నూనె, పెస్టో (తులసి జాతి ఆకు, చీజ్, నూనె కలిపి నూరిన పచ్చడి) లాంటివి ఆ గదుల్లోకి ఇంకి రుచి పెంచుతాయి. పల్చటి సాస్ వేస్తే మాత్రం అదే చిల్లుల్లోంచి మోచేతి దాకా కారుతుంది. గంట ఆగి తినేవాళ్లకి కాల్చిన కూరగాయలు, మొజరెల్లాతో చియాబట్టా మంచి ఎంపిక.

సహజంగా పులిసిన పిండితో చేసే సవర్‌డో రొట్టె దళసరిగా ఉంటుంది, తడిని బాగా తట్టుకుంటుంది, ముక్క పల్చగా కోస్తేనే నమలగలం. రై బ్రెడ్ కూడా అంతే గట్టిది, ఉప్పగా ఊరిన మాంసానికి సరిజోడు. క్రోసాంట్ శాండ్‌విచ్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ కీబోర్డు ముందు తినేది కాదు, ప్రతి పొరా రాలుతుంది. నడుస్తూ తినాలంటే వ్యాప్ (పల్చటి రొట్టెలో చుట్టి ఇచ్చేది) అన్నిటికంటే సుఖం. రుచిలో మాత్రం దానికి నేను పెద్దగా మార్కులు వేయను, చివరి రెండు అంగుళాలు మడతలు పడిన రొట్టే మిగులుతుంది. షాపులో వాడేది మామూలు మెత్తటి శాండ్‌విచ్ బ్రెడ్డే అయితే చిన్నచూపు చూడకండి. అందులో సాధారణంగా కొద్దిగా కొవ్వు, చక్కెర ఉంటాయి కాబట్టి గంట గడిచినా మెత్తదనం పోదు. మూలకి మూల కోయమనండి. చదరపు బ్రెడ్‌ని అడ్డంగా కోస్తే వచ్చే అంచు కంటే మూలకి మూల కోస్తే వచ్చే అంచు 41 శాతం పొడుగు. గట్టి అంచులేని, స్టఫింగ్ నిండుగా కనిపించే వైపు అంత ఎక్కువగా దొరుకుతుంది.

రెండు గంటలు దాటేటట్టయితే

ఇక్కడ చాలావరకు షాపు మెనూలో మూడొంతులు కొట్టేయొచ్చు. అయితే నానితేనే బాగుండే శాండ్‌విచ్‌లు కొన్ని ఉన్నాయి, అలాంటివి దొరికితే వదలొద్దు. ఫ్రాన్స్‌లో నీస్ నగరపు పాన్ బన్యా ఒకటి. గుండ్రటి రొట్టెలో టమాటా, ఉడికించిన గుడ్డు, ట్యూనా లేదా ఆంకోవీ చేప, ఆలివ్‌లు పెట్టి, ఆలివ్ నూనె దండిగా పోస్తారు. నూనె, టమాటా నీరు రొట్టెకి పట్టేదాకా ఆగి తినడమే దాని పద్ధతి. రెండోది న్యూ ఆర్లియన్స్ మఫులేటా. 1906లో మొదలైన సెంట్రల్ గ్రోసరీ అనే అక్కడి దుకాణం దీనికి పేరుమోసింది. నువ్వులు చల్లిన పెద్ద గుండ్రటి రొట్టె, రెండు మూడు రకాల ఇటాలియన్ మాంసాలు, చీజ్, మీద ఆలివ్‌లు, ఊరబెట్టిన కూరగాయలు తరిగి నూనెలో కలిపిన సలాడ్. ఆ నూనె దిగిన కొద్దీ రొట్టె మెత్తబడి రుచి పెరుగుతుంది. మీ దగ్గరున్న షాపులో ఈ పేర్లు ఉండకపోవచ్చు. దళసరి రొట్టె, నూనె ఆధారంగా చేసిన సాస్, నీరు వదలని స్టఫింగ్, ఈ మూడూ కలిసినది ఏదైనా ఇదే పని చేస్తుంది.

రుచి కంటే పెద్ద విషయం ఇంకోటుంది. 4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్యలో బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. మాంసం, గుడ్డు, చేప, పాల పదార్థాలు ఉన్న తిండిని ఫ్రిజ్ బయట 2 గంటలకు మించి ఉంచొద్దని, బయట వేడి 32 డిగ్రీలు దాటితే 1 గంటకు మించొద్దని అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. పైన చెప్పిన రెండు రకాలకీ ఇది వర్తిస్తుంది. నానడం కావాలనుకుంటే చల్లటి సంచిలో నాననివ్వాలి, ఎండలో ఆగిన కారులో కాదు. నింద ఎప్పుడూ మయొనీజ్ మీద పడుతుంది గానీ, సీసాల్లో అమ్మే మయొనీజ్‌లో పులుపు ఉంటుంది కాబట్టి అందులో సూక్ష్మజీవులు అంత సులువుగా పెరగవు. అందులో కలిపిన కోడిమాంసం, గుడ్డు ముక్కలే ముందు పాడయ్యేది. షాపులోనే తయారుచేసిన మయొనీజ్ అయితే పచ్చి గుడ్డుతో చేశారా అని గర్భిణులు, పిల్లలతో వచ్చినవాళ్లు, వయసు మళ్లినవాళ్లు అడిగి తెలుసుకోవాలి. గర్భిణులకి ఇంకో మాట. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మాంసం ముక్కల్లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది, అది ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగలదు. వాళ్లు పొగలు వచ్చేంత వేడి చేయించుకునే తినాలి. వాళ్ల విషయంలో ఎంతసేపు ఆగుతాం అనే లెక్కతో పనిలేదు, వేడిదే, అక్కడే.

చేసి పెట్టినవా, కళ్లముందు చేసేవా?

తాజాగా చేసిందే మంచిదని అందరూ అంటారు. సగమే నిజం. కళ్లముందు చేసేదాంట్లో మీకు దొరికేది ఎంపిక: ఇది వద్దు, అది ఎక్కువ వేయండి, చీజ్ మార్చండి. దానికి మూల్యం సమయం. ఫ్రిజ్ అరలో పేర్చి ఉన్నదాంట్లో సమయం కలిసొస్తుంది, బ్రెడ్ మాత్రం దెబ్బతింటుంది. బ్రెడ్ గట్టిపడటానికి ఎండిపోవడం ఒక్కటే కారణం కాదు. కాల్చినప్పుడు మెత్తబడిన పిండిపదార్థం మళ్లీ గట్టిగా కుదురుకుంటుంది. గది ఉష్ణోగ్రతలో కంటే ఫ్రిజ్ చల్లదనంలో ఈ మార్పు వేగంగా జరుగుతుంది. అందుకే నిన్న బాగున్న బాగెట్ ఫ్రిజ్‌లోంచి తీస్తే దవడ నొప్పి పుట్టిస్తుంది. మళ్లీ వేడి చేస్తే ఆ పిండి మెత్తబడుతుంది, కాబట్టి అరలోది తీసుకున్నా "కొంచెం కాల్చి ఇస్తారా" అని అడగండి. చాలా షాపులు కాదనవు.

అరలోంచి తీసుకునేటప్పుడు నేను చూసేవి రెండే. అడుగు బ్రెడ్ ముక్క రంగు మారి తడిగా కనిపిస్తోందా, స్టఫింగ్ ముందు వైపే గుట్టగా ఉండి వెనక ఖాళీగా ఉందా. రెండోది తెలియాలంటే ప్యాకెట్‌ని వెనక్కి తిప్పి చూడాలి. తిప్పి చూస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

అలర్జీ ఉన్నవాళ్లకి మాత్రం ఈ పోలిక పూర్తిగా మారిపోతుంది. ప్యాకెట్ మీద రాతపూర్వకంగా ఉన్నది చదువుకోవచ్చు, కౌంటర్ దగ్గర హడావుడిలో విన్నది నమ్మాల్సి వస్తుంది. బ్రిటన్‌లో 2021 అక్టోబరు నుంచి, షాపులోనే ముందుగా చేసి ప్యాక్ చేసి అమ్మే తిండి మీద కూడా పదార్థాల పూర్తి జాబితా, అలర్జీ కలిగించేవి ప్రత్యేకంగా కనిపించేలా ముద్రించాలి. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో అలాంటి పదార్థాలు 14. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులు తొమ్మిదో పదార్థంగా చేరాయి. శాండ్‌విచ్ షాపులో నువ్వులు అంటే పైన కనిపించేవే అనుకోకండి, పిండిలోనూ కలిసి ఉండొచ్చు, హమ్మస్‌లో తహీని (నువ్వుల ముద్ద) రూపంలో ఉంటాయి. కళ్లముందు చేసే చోట అదే కత్తి, అదే బోర్డు, అదే గ్లవ్స్ వేరుశనగ నుంచి గుడ్డు దాకా అన్నిటినీ తాకుతుంటాయి. రద్దీ వేళ వాటిని మార్చమని అడిగితే మారుస్తారు, కానీ హడావుడిలో మర్చిపోయే వీలుంది. తీవ్రమైన అలర్జీ ఉంటే రద్దీకి ముందే వెళ్లడం మేలు.

శాకాహారులకూ ఇదే చిక్కు. కూరగాయల శాండ్‌విచ్‌ని మాంసం కాలిన ప్రెస్‌లోనే నొక్కుతారు. పట్టింపు ఉంటే ప్రెస్ చేయించకుండా చల్లదే తీసుకోవాలి, లేదా విడిగా టోస్టర్ ఉందేమో కనుక్కోవాలి. చీజ్ విషయం కూడా అడగాల్సిందే. అసలైన పార్మిజానో రెజానోని దూడ పొట్టలోంచి తీసే, పాలని గడ్డకట్టించే రెన్నెట్‌తోనే చేయాలన్నది దాని నిబంధన. పెస్టోలో సాధారణంగా పడేది ఆ చీజో, అలాంటిదే ఇంకొకటో.

క్యూలో నిలబడాలా, ముందే ఆర్డర్ పెట్టుకోవాలా?

క్యూ పొడుగు చూసి భయపడకండి, వేగం చూడండి. కౌంటర్ మీదకి ఎన్ని నిమిషాలకి ఒక ఆర్డర్ వస్తోందో గమనించి, మీ ముందున్న మనుషులతో గుణిస్తే చాలు. నిమిషంన్నరకి ఒకటి వస్తూ ముందు పన్నెండుమంది ఉంటే పద్దెనిమిది నిమిషాలు. ఈ లెక్కలో కనిపించని వాళ్లు యాప్‌లో ఆర్డర్ పెట్టినవాళ్లు. కౌంటర్ మీద ప్రింటర్ చీటీలు వరసగా కక్కుతుంటే, కనిపించే క్యూకి కనిపించని క్యూ ఒకటి తోడున్నట్టు. అలాంటి షాపులో బయట నిలబడేవాడు నష్టపోతాడు, ముందే ఆర్డర్ పెట్టుకోవడమే తెలివైన పని.

కానీ ముందస్తు ఆర్డర్‌లో దాగిన ఖర్చు మళ్లీ సమయమే. పన్నెండున్నరకి వస్తానని చెబితే వాళ్లు పన్నెండుంబావుకే చేసి అరలో పెట్టేస్తారు. మీరు పది నిమిషాలు ఆలస్యంగా వెళ్తే, ఆ శాండ్‌విచ్‌కి అప్పటికే దాదాపు అరగంట వయసు. అంటే "అక్కడే తింటాను" అనుకున్నది కాస్తా "అరగంట తర్వాత" కిందికి మారిపోయింది. కాబట్టి చల్లటివి ముందే ఆర్డర్ పెట్టండి, వేడివి క్యూలో నిలబడి తీసుకోండి. ఈ ఒక్క నియమం గుర్తుపెట్టుకుంటే మిగతావి మర్చిపోయినా పర్లేదు.

వీలుంటే అసలు రద్దీకి అరగంట ముందు వెళ్లండి. అన్ని బ్రెడ్‌లూ ఉంటాయి, చేసేవాళ్లకి ఓపిక ఉంటుంది. రద్దీ తగ్గాక వెళ్తే క్యూ ఉండదు కానీ, మంచి బ్రెడ్ అయిపోయి ఉంటుంది, కోసిన టమాటాలు డబ్బాలో నీటిలో తేలుతుంటాయి. రద్దీకి ఒక మేలు కూడా ఉంది, సరుకు నిల్వ ఉండదు. ఉడికించిన మాంసం, కోసిన కూరగాయలు వచ్చినవి వచ్చినట్టే అయిపోతాయి. ఖాళీగా ఉన్న షాపులో పొడుగాటి మెనూ చూస్తే నాకు కొంచెం అనుమానమే.

షాపుకో పద్ధతి ఉంటుంది, అది ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. న్యూయార్క్‌లో 1888 నాటి కాట్జెస్ డెలికటెసెన్‌లో లోపలికి అడుగుపెట్టగానే మనిషికో చీటీ ఇస్తారు, ఏది తీసుకున్నా దాని మీదే రాస్తారు, బయటికి వెళ్లేటప్పుడు అది చూపించి డబ్బు కట్టాలి, పారేసుకుంటే అదనంగా వడ్డిస్తారు. కొన్నిచోట్ల ఒక కిటికీలో చెప్పి ఇంకో కిటికీలో తీసుకోవాలి. వచ్చిన వెంటనే క్యూలో దూరకుండా ఒక్క నిమిషం ముందువాళ్లు ఏం చేస్తున్నారో చూస్తే తెలిసిపోతుంది.

ఎంత తీసుకోవాలి, ఏం మార్చాలి?

పెద్ద సైజు అంటే సాధారణంగా 30 సెంటీమీటర్ల రొట్టె, చిన్నది అందులో సగం. ఆకలి రుచి ఎరుగదంటారు, అది సైజు కూడా ఎరుగదు. మధ్యాహ్నం పని చేయాల్సినవాళ్లకి చిన్నదానితో పాటు సూపో సలాడో సరిపోతుంది. మిగిల్చి సాయంత్రం తిందామని పెద్దది కొనేవాళ్లు పైన చెప్పిన ఫ్రిజ్ సంగతి, రెండు గంటల సంగతి గుర్తుచేసుకోవాలి. ఇద్దరు కలిసి ఒకటి పంచుకునేటట్టయితే విడివిడిగా చుట్టించుకోండి.

ఉప్పు విషయం ఎవరూ లెక్కేయరు. రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. శాండ్‌విచ్‌లో బ్రెడ్, చీజ్, ఊరబెట్టిన మాంసం, పికిల్, సాస్, ఇలా ప్రతి పొరలోనూ అది ఉంటుంది. రక్తపోటు ఉన్నవాళ్లు అన్నీ మానక్కర్లేదు. ప్రాసెస్ చేసిన హామ్, సలామీ బదులు షాపులోనే కాల్చిన కోడిమాంసమో గుడ్డో తీసుకుని, చీజ్, పికిల్ రెండిట్లో ఒకటే ఉంచుకుంటే చాలా తేడా వస్తుంది.

ఇక మార్పులు. మొదటిసారి వెళ్లినప్పుడు షాపు పేరు మోసిన శాండ్‌విచ్‌ని ఏమీ మార్చకుండా తినమనే నేను చెబుతాను. ఒక్క ముక్క అటూ ఇటూ అయినా గొడవపడేవాళ్లు ఊరికే లేరు. క్యూబన్ శాండ్‌విచ్‌లో సలామీ ఉండాలని టాంపావాళ్లు, ఉండకూడదని మయామీవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ ఒక్క మాంసం ముక్క ఉప్పునీ కొవ్వునీ మార్చేస్తుంది, ఆవాల సాస్ ఘాటు దాని ముందు ఒకలా, లేకుంటే ఇంకోలా తగులుతుంది. రెండోసారి నుంచి మీ ఇష్టం. న్యూ ఆర్లియన్స్‌లో పో బాయ్ అనే శాండ్‌విచ్ అడిగితే "డ్రెస్డ్?" అంటారు, అంటే లెట్యూస్, టమాటా, పికిల్, మయొనీజ్ అన్నీ వేయాలా అని. అక్కడే తింటే అవునండి, తీసుకెళ్తుంటే ఆలోచించండి.

ఆఫీసులో నలుగురైదుగురికి ఒకరు వెళ్లి తెచ్చేటప్పుడు ఇవన్నీ కాస్త గందరగోళం అవుతాయి. ఎవరు ఎప్పుడు తింటారో ఒకే లెక్క రాదు కాబట్టి, అందరికీ చల్లటివే తీసుకుని, తడి సరుకు అంతా ఒకే డబ్బాలో విడిగా పెట్టించడం సులువు. చుట్టేటప్పుడే కాగితం మీద ఎవరిది ఏదో రాయమనండి. లేకపోతే ఒక్కొక్కటీ విప్పి చూడాలి, చేత్తో మళ్లీ చుట్టింది కౌంటర్ దగ్గర చుట్టినంత గట్టిగా ఎప్పుడూ రాదు.